డబ్బీలో తడి

“నాణెం ఎక్కడ పెట్టావో చెప్పెయ్యమ్మా. ఇంటికెళ్ళి నీ పిల్లాడికి నాలుగు ముద్దలు పెట్టుకోవచ్చు.”

ఇన్‌స్పెక్టర్ ఈ మాట అనడం ఎన్నోసారో ఆయనకే లెక్క లేదు. ఆ పెద్దింటి హాల్లో ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న, ఫోటోలు తీసే అమ్మాయి మాత్రం ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే ఉలిక్కిపడుతోంది.

“నేను తియ్యలేదు సార్. ఫోటో తీశాను. అంతే.”

“ఫోటో తీస్తే నాణేనికి రంగు పోతుందా?”

“పోదు సార్.”

“మరి?”

“తెలీదు సార్.”

“తెలీదు సార్, తెలీదు సార్! ఐదింటికి లేడీ కానిస్టేబుల్ జీపుతో వస్తుంది. అప్పుడు అన్నీ అవే తెలుస్తాయిలే.”

“ఆ జీపు వచ్చేలోగా నేనూ రెండు ముక్కలు అడుగుతాను” అంటూ గుమ్మంలోంచి లోపలికొచ్చింది ఆరాలక్క.

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చిన్నప్పుడు వీధిలో ఎవరింటికి ఏ చుట్టం దిగినా ఆరా తీసుకొచ్చేదని పిన్ని పెట్టిన ముద్దుపేరు, పోలీసు ఉద్యోగంలోనూ వదల్లేదు, ఆ ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు పట్టుకోవడం మొదలుపెట్టాకా వదల్లేదు. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. కేసు చేతికొచ్చిన పూటే తేల్చెయ్యాలన్న ఆత్రం అప్పుడూ ఉండేది. స్టేషన్లో వెనకాల అందరూ అతన్ని తొందరయ్య అంటారు. ఆ పేరు పెట్టింది తనేనని ఆరాలక్క ఇంతవరకు బయటపెట్టలేదు.

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడబోయి, పాత అలవాటని గుర్తొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు.

“మిమ్మల్నెవరు పిలిచారు మేడమ్?”

“ఈ అమ్మాయి అత్తగారు.”

“అత్తగారా? కోడలి కోసమా?” పగలబడి నవ్వాడు.

“ఆవిడ నాతో అన్నది అన్నట్టే చెప్పనా? ‘నా కోడలికి నోటి దురుసు, వంట రాదు, నేను చెప్పిన మాట చెవికెక్కించుకోదు. కానీ ఒకరి వస్తువు ముట్టదు’ అంది. నా సర్వీసు మొత్తంలో ఇంత గట్టి సాక్ష్యం వినలేదు నేను.”

కళ్ళు ఒత్తుకుంటున్న ఫోటోల అమ్మాయి తలెత్తింది. “వంట రాదందా?”

“అంది. ఏడుస్తూ అంది. ముందు నువ్వు ఏడుపు ఆపు, ఆ సంగతి ఇంటికెళ్ళాక తేల్చుకుందువుగాని.”

ఇంటికెళ్ళాక అన్న మాట వినగానే ఆ అమ్మాయి ముఖం మరోసారి కళ తప్పింది. బాబుకి ఏడాదిన్నర. తల్లి పక్కన లేకుండా ఒక్క రాత్రి కూడా నిద్రపోయి ఎరగడు. జీపు ఎక్కితే ఈ రాత్రికి తిరిగిరావడం కల్ల. ఆ తర్వాత ఎన్ని రాత్రులో ఎవరు చెప్పగలరు?

జరిగింది చూస్తే ఇన్‌స్పెక్టర్‌దే నిజమనిపించేలా ఉంది. ఈ ఇల్లు ఒక కళ్ళ డాక్టరుగారిది. ప్రాక్టీసు మానేశాక ఆయనకి నాణేలే లోకం. అవీ మామూలు నాణేలు కావు. ఏదైనా గొప్ప సందర్భానికి గుర్తుగా ప్రభుత్వాలు వేయించిన వెండి నాణేలు. కొత్త రేవు తెరిచినందుకు ఒకటి, రైలు వచ్చి నూరేళ్ళయినందుకు ఒకటి. మళ్ళీ వాటిలోనూ తళతళలాడేవి ఆయనకి పట్టవు. పాతకాలపు అట్ట ఆల్బముల్లో ఏళ్ళ తరబడి పడుకుని, ఆ అట్టలోని గంధకం సోకి, వాటంతటవే రంగులెక్కినవి కావాలి. టోనింగ్ అంటారు దాన్ని. వాటిని ఫోటోలు తియ్యడానికి రెండు నెలలుగా ఈ అమ్మాయి వస్తోంది. నిన్న పదకొండింటికి పని ముగించుకుని వెళ్ళిపోయింది. ఒంటిగంటకు డాక్టరుగారి అల్లుడు ఇంటికొచ్చేసరికి, నాణేల గదిలో ఆయన స్పృహ లేకుండా పడి ఉన్నారు. బీరువా మూల కొట్టుకుని తల పగిలింది. ఇప్పటికీ కళ్ళు తెరవలేదు. బల్ల మీద ఆయన ప్రాణంగా చూసుకునే వంతెన నాణెం ఉంది. నెమలి మెడలా నిగనిగలాడాల్సిన నాణెం, కొత్త చెంచాలా తెల్లగా ఉంది.

“చాలా తేలిక మేడమ్” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఆ వంతెన నాణేలు వేలల్లో వేశారట. తెల్లవి ఎక్కడైనా దొరుకుతాయి. ఈవిడ ఒక తెల్లది తెచ్చి పెట్టింది, రంగుది కొట్టేసింది. పెద్దాయన కనిపెట్టి పట్టుకున్నాడు, తోసేసి పోయింది.”

“నాణెం దొరికిందా?”

“దొరుకుతుంది.”

“అంటే దొరకలేదు. పదకొండింటికి ఈ అమ్మాయి గేటు దాటడం ఎవరైనా చూశారా?”

“వాచ్‌మన్ చూశాడు. రోజూలాగే వెళ్ళిందట.”

“ఇంట్లో మనిషిని తోసి, తల పగలగొట్టి, రోజూలాగే వెళ్ళిందా? చూడు దాని చేతులు. నువ్వు గొంతు పెంచితేనే వణుకుతున్నాయి.”

అప్పుడే డాక్టరుగారి అల్లుడు స్వయంగా కాఫీ కప్పులు పట్టుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, మెత్తని మాట, మెత్తని నడక. మామగారి కోసం ఊరూరా తిరిగి ఈ నాణేలన్నీ వెతికి తెచ్చింది ఆయనే.

“తీసుకోండమ్మా. పొద్దుట్నుంచీ మీరేమీ ముట్టలేదు” అని మొదటి కప్పు ఫోటోల అమ్మాయికే ఇచ్చాడు. “మామయ్యగారు మిమ్మల్ని కూతుర్లా చూసుకున్నారు. తెలిసో తెలీకో జరిగిపోయింది. నాణెం ఇచ్చెయ్యండి, కేసు వద్దని నేనే చెప్తాను.”

“మీ మనసు మంచిది” అంది ఆరాలక్క. “నిన్న ఒంటిగంట దాకా మీరెక్కడున్నారు?”

“నేనా? పదింటికే వెళ్ళానండీ, బండి సర్వీసింగుకి. ఆ షెడ్డు మూసేసి ఉంది. సరే వచ్చాం కదా అని అటూ ఇటూ తిరిగొచ్చాను.”

“ఎవరైనా కలిశారా?”

“కలవాల్సిన పని లేదు కదండీ.”

“నిజమే” అని ఆమె ఫోటోల అమ్మాయి వైపు తిరిగింది. “వంతెన నాణెం ఫోటోలు ఏవి?”

“పోయినవారం తీసిన దానికి ప్రింటు వేసిచ్చాను. అది ఈ సార్ తీసుకున్నారు. నిన్న తీసినవి కెమెరా కార్డులో ఉన్నాయి.”

“నిన్న కూడా తీశావా, అదే నాణేన్ని?”

ఆ అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించింది. “తీశాను.”

“ఆ కార్డు ఎక్కడుంది?”

“ఇంట్లో. రోజూ తీసుకెళ్ళిపోతాను మేడమ్, బాబు పడుకున్నాక కంప్యూటర్లో సరిచేసుకుంటాను. బాబుకి అందకుండా ఎక్కడో ఎత్తు మీద పెట్టాను. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు.”

“ఫోటోలు ఎన్నుంటే ఏం లాభం? కావాల్సింది నాణెం!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అల్లుడు ఖాళీ ట్రే చంకలో పెట్టుకున్నాడు. “నేను ఆస్పత్రికి వెళ్ళొస్తానండీ. మా ఆవిడ ఒక్కతే ఉంది అక్కడ” అని అందరికీ చెప్పి, వచ్చినంత మెత్తగానే వెళ్ళిపోయాడు.

ఆరాలక్క కాఫీ తాగకుండానే లేచింది. “ఆ గది చూపించు.”

“చూడ్డానికి ఏముంది మేడమ్? ఉన్నది ఉన్నట్టే ఉంచి తాళం వేశాను. వేలిముద్రల వాళ్ళు రేపొస్తారు.”

“నువ్వు ముట్టుకోలేదంటే చూడ్డానికి చాలా ఉన్నట్టే. తాళం తియ్యి. అమ్మాయ్, నువ్వూ రా.”

“ఆవిడెందుకు?”

“ఆ గది సంగతి మనిద్దరికంటే తనకే ఎక్కువ తెలుసు కాబట్టి.”

నాణేల గది కిటికీకి మందపాటి తెర వేసి ఉంది. గోడ పొడుగునా అరచెయ్యి మందం సొరుగుల బీరువా. దాని మూలన ఎండిన రక్తం. మధ్యలో బల్ల, బల్ల మీద నిలువు కడ్డీకి బిగించి, నేల చూపులు చూస్తున్న కెమెరా. కెమెరా కింద ఏటవాలుగా నిలబెట్టిన గాజు పలక, దాని కింద నల్లటి ముఖమల్ గుడ్డ. అటొకటి, ఇటొకటి దీపాలు. ఆ ముఖమల్ మీదే వంతెన నాణెం, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో మూతపెట్టి ఉంది.

ఆరాలక్క చేతులు వెనక్కి కట్టుకుని వంగింది. వెలుతురు పడేలా తల అటూ ఇటూ తిప్పింది. సంచిలోంచి భూతద్దం తీసి మళ్ళీ చూసింది.

“ఇన్‌స్పెక్టర్, ఈ డబ్బీ నువ్వు తెరిచావా?”

“లేదన్నాను కదా.”

“మరి దీని లోపల చెమట ఎవరు పోశారు?”

అతను వచ్చి చూశాడు. మూత లోపలివైపు సన్నటి తేమ, అద్దం మీద ఊపిరి వదిలినట్టు. అంచున అయితే చిన్న చిన్న బొట్లు కట్టి ఉన్నాయి.

“చలికి పట్టి ఉంటుంది.”

“బీరువాలో వందల డబ్బీలున్నాయి. ఒక సొరుగు లాగు. చేతిరుమాలు అడ్డం పెట్టుకుని లాగు, రేపు నీ వేలిముద్రలే నీకు దొరుకుతాయి.”

అతను విసుగ్గా ఒక సొరుగు లాగాడు. ఇరవై డబ్బీలు. ఒక్కదానికీ తేమ లేదు. ఇంకో సొరుగు. అక్కడా లేదు.

ఆరాలక్క అప్పటికే పక్కనున్న చిన్న స్నానాలగదిలోకి వెళ్ళిపోయింది. చేతులు కడుక్కునే బేసిన్ పక్కన, నాలుగు మడతలు పెట్టిన మెత్తటి తువ్వాలు ఉంది. మడత మధ్యలో గుండ్రంగా గుంట పడి ఉంది. తడిసిన బట్ట మీద ఏదో ఒత్తి, అలాగే ఆరిపోతే పడే గుంట. భూతద్దం వెనక చెయ్యి అడ్డంపెట్టి కొలత చూసుకుంది. నాణెమంత.

“అమ్మాయ్, నాణెం తడిస్తే ఎలా తుడుస్తారు?”

“తుడవకూడదు మేడమ్” ఆ అమ్మాయి గుమ్మంలోంచే కంగారుగా చెప్పింది. “రుద్దితే వెండి మీద సన్నటి గీతలు పడిపోతాయి. మెత్తటి గుడ్డ మడతలో పెట్టి అద్దాలి. డాక్టరుగారు ఊపిరి కూడా బిగబట్టి అద్దుతారు.”

“ఇంట్లో పనివాళ్ళెవరైనా మురికనుకుని కడిగితే?”

“అమ్మో! పీచు పెట్టి తోమేస్తారు.”

“కదూ?” ఆరాలక్క ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. “ఈ నాణేన్ని కడిగిన మనిషి తోమలేదు, రుద్దలేదు. అద్దాడు. అద్దాక, ఆరేదాకా ఆగే తీరిక లేకపోయినా, డబ్బీలో పెట్టి మూత వెయ్యడం మరిచిపోలేదు. గదిలో ఒక మనిషి తల పగిలి పడి ఉంటే, ఇతగాడు నాణెం మీద దుమ్ము పడుతుందేమోనని చూసుకున్నాడు. నాణేలతో బతికేవాళ్ళకే ఉంటుంది ఈ పాడలవాటు.”

“కడిగారు కడిగారు అంటున్నారు. ఇది వేరే నాణెం మేడమ్! మార్చేశారు!”

“అదే తేల్చుకుందాం. అమ్మాయ్, ఈ నాణేన్ని ముట్టుకోకుండా, డబ్బీ తెరవకుండా, నాకు పెద్దగా చూపించగలవా?”

“కార్డు లేకుండా ఫోటో రాదు మేడమ్. కానీ కెమెరా చూసేది చూసినట్టు తెర మీద కనిపించేలా చెయ్యగలను.”

“నిందితురాలు సాక్ష్యం దగ్గరికి వెళ్ళడమేంటి? కోర్టులో నా పరువేం కాను?” ఇన్‌స్పెక్టర్ అడ్డంగా నిలబడ్డాడు.

“తను దీపాల్ని ముట్టుకుంటుంది, నాణేన్ని కాదు. నువ్వు పక్కనే నిలబడు, కావాలంటే కొంగు పట్టుకుని నిలబడు.”

“మేడమ్!”

“జీపు రావడానికి ఇంకా టైముంది. ఇది తప్పని తేలితే నేనే తనని జీపు ఎక్కిస్తాను. జరుగు.”

అతను జరిగాడు, గోడవైపు చూస్తూ.

కెమెరా దగ్గరికి వెళ్ళగానే ఆ అమ్మాయి పనిలో పడిపోయింది. తీగ తీసి గోడకున్న తెరకి తగిలించబోతూ ఆగింది. “ఈ మూత ఎవరు తీశారు?”

“ఏ మూత?”

“కార్డు పెట్టే చోట ఉంటుంది. నేనెప్పుడూ మూసే వెళ్తాను, దుమ్ము దూరుతుందని. ఇప్పుడు తెరిచి ఉంది.”

“మావాళ్ళు కాదు” అన్నాడు ఇన్‌స్పెక్టర్ ముందుగానే.

ఆరాలక్క ఆ చిన్న మూత వైపు చూసింది. “కానియ్యి” అంది.

తెర మీద వంతెన లేచి నిలబడింది. కమానులు, కింద నది, పైన అంచు చుట్టూ అక్షరాలు. ఆ అమ్మాయి పక్క దీపం వెలిగించి గాజు పలక వంపు సవరించింది. “ఈ గాజు దీపం వెలుగుని సూటిగా నాణెం మీదికి దింపుతుంది. రంగులు కావాలంటే ఇలా చూడాలి. పోయినవారం ఇలాగే తీశాను.” తెర మీద రంగు లేదు. పాలిపోయిన తెలుపు. ఆ అమ్మాయి తెర మీంచి చూపు తిప్పేసుకుంది. రెండు నెలలుగా ఆ నాణేన్ని అపురూపంగా చూసుకున్న కళ్ళు కదా.

“గీతలు కావాలంటే?”

“గాజు తీసేసి, దీపం బాగా కిందికి దించాలి. పక్కనుంచి వెలుగు పడితే ప్రతి గుంటా నీడ వేస్తుంది.”

“దించు. ఇన్‌స్పెక్టర్, ఆ ప్రింటు ఇలా ఇవ్వు.”

ఫైల్లోంచి తీసిచ్చాడు. ప్రింటులో నాణెం కళ్ళు చెదిరేలా ఉంది. అంచున ముదురు నీలం, దాని లోపల వంకాయరంగు, మధ్యకొచ్చేసరికి కరిగిన బంగారం. ఆరాలక్క రంగుల వంక చూడనే లేదు. ప్రింటు మీద భూతద్దం పెట్టి ఒక్కొక్క కమానూ దాటుకుంటూ వెళ్ళింది.

“మూడో కమాను కింద చిన్న గాటు. చూశావా?”

“ఊఁ.”

“ఇప్పుడు తెర చూడు. మూడో కమాను కింద?”

“...ఉంది. అయితే ఏమైంది? అచ్చులోనే పడి ఉంటుంది.”

“సరే. నది మీద, కొడవలిలా వంపు తిరిగిన గీత ఒకటి. ప్రింటులో ఉంది. తెర మీద?”

అతను దగ్గరికి వెళ్ళాడు.

“అంచున రెండు నొక్కులు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది అక్షరం తోకకి తగిలింది. చూడు. తొందరేం లేదు, నిదానంగా చూడు.”

ఇన్‌స్పెక్టర్ ప్రింటు చూశాడు, తెర చూశాడు. మళ్ళీ ప్రింటు చూశాడు.

“ఒకే అచ్చులోంచి వేల నాణేలు రావచ్చు” అంది ఆరాలక్క. “కానీ ఒక్కోటీ ఒక్కో చోట పడుతుంది, ఒక్కో చోట దెబ్బ తగిలించుకుంటుంది. ఈ నాలుగు దెబ్బలూ, ఇవే చోట్ల, ఇంకో నాణేనికి ఉన్నాయని నువ్వు కోర్టులో చెప్పగలవా?”

“అంటే... నాణెం పోలేదు.”

“ఎక్కడికీ పోలేదు. నిన్నట్నుంచీ నీ తాళం కిందే ఉంది. దొంగతనమే జరగనప్పుడు దొంగెక్కడ?”

ఇన్‌స్పెక్టర్ అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

“అయితే ఈవిడే కడిగింది. పొరపాటున ఏదో ఒలికించింది, పెద్దాయన అరిచాడు, భయపడి తోసింది.”

“తుడవకూడదని తెలిసిన పిల్లకి కడగకూడదని తెలీదా? తను కష్టపడి తీసిన ఫోటోల్ని తానే అబద్ధం చేసుకుంటుందా? ఇది ఒలికితే పోయిన రంగు కాదు. వెండి కడిగే మందులో రెండు వైపులా ముంచితేనే ఇంత తెల్లగా వస్తుంది. ఎవరికో ఆ రంగు ఉండకూడదు. ఎందుకు ఉండకూడదో ఈ అమ్మాయికి తెలుసు.”

“నాకా?” ఆ అమ్మాయి వెనక్కి జరిగింది.

“పోయినవారం తీసిన నాణేన్ని నిన్న మళ్ళీ ఎందుకు తీశావు?”

ఆ అమ్మాయి గాజు పలకని మళ్ళీ దాని చోట పెట్టసాగింది.

“ఇందాక ఇదే అడిగితే తటపటాయించావు. డాక్టరుగారు తియ్యమన్నారా?”

“ఎవరికీ చెప్పనని మాటిచ్చాను మేడమ్.”

“ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. నోరు తెరిచే స్థితిలో లేరు. ఆయన తరఫున నువ్వు మాట్లాడకపోతే ఇంకెవరూ మాట్లాడరు. ఇంట్లో నీ కొడుకు గుమ్మం వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. మాట నిలబెట్టుకున్నానని వాడికి చెప్పుకుంటావా?”

ఇలా గుచ్చడం ఆరాలక్కకీ ఇష్టం లేదు. కానీ జాలిపడుతూ కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది, జీపు వచ్చేస్తుంది. కళ్ళు దించకుండా నిలబడింది.

“పక్క వెలుగులో తియ్యమన్నారు” ఆ అమ్మాయి గొంతు సన్నగా వచ్చింది. “ఎప్పుడూ అలా అడగరు. అక్షరాల పక్కన బాగా దగ్గరగా తియ్యమన్నారు. తీసి తెర మీద చూపించాను. చాలాసేపు దగ్గరగా చూశారు ఆయన. తర్వాత చెప్పారు. అట్టలో ఉండి దానంతటది ఎక్కిన రంగయితే అంచున మొదలై లోపలికి పాకుతుందట. ఎత్తుగా ఉన్న అక్షరం చాటుకొచ్చేసరికి కొంచెం వెనకబడుతుందట. దీనికి అలా లేదు. చాటు లేదు, మరుగు లేదు, అంతా ఒకేలా పట్టేసింది. ‘ఇది పదేళ్ళ రంగు కాదమ్మా, పది నిమిషాల రంగు. ఎవరో వేడి చేసి, మందు పొగ పట్టించారు’ అన్నారు.”

“ఎవరని అన్నారా?”

“అనలేదు. బీరువా మొత్తం వైపు చూశారు. ‘ఇంకెన్ని ఉన్నాయో’ అన్నారు. ‘ఇంటి పరువుతో పని, నేనే మాట్లాడతాను. నువ్వు మాత్రం ఎక్కడా అనకు, ఈ ఫోటోలు జాగ్రత్త’ అన్నారు. అంతే. నేను వచ్చేశాను.”

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా బీరువా వైపు తిరిగాడు. ఈ సొరుగుల్లోని నాణేలన్నీ తెచ్చింది ఒక్కరే. ఆ మాట పైకి అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

“పదకొండింటికి ఈ అమ్మాయి వెళ్ళింది” అంది ఆరాలక్క. “ఆ తర్వాత డాక్టరుగారు అల్లుణ్ణి పిలిపించి, తేలిగ్గా దొరికే తెల్ల నాణేలకి దొంగ రంగు పట్టించి నా దగ్గర డబ్బు గుంజావా అని అడిగారు. ‘రుజువుగా ఫోటోలు తీయించాను’ అని కూడా చెప్పే ఉంటారు, దాచుకునే మనిషి కాదు. మాటా మాటా పెరిగింది. పెద్దాయన పడిపోయారు. ఆ తర్వాత అల్లుడు రంగు కడిగేశాడు. రంగే లేకపోతే అది దొంగ రంగని ఎవరు నిరూపిస్తారు? పైగా నాణెం మారిపోయిందని నీలాంటివాడు ఎలాగూ అనుకుంటాడు.”

“నాలాంటివాడు అంటే?”

“తర్వాత కొట్లాడుకుందాం. కడిగాక ఇంకొకటి మిగిలింది, ఫోటోలు. కెమెరా మూత తీసి చూశాడు. కార్డు లేదు. అది ఎక్కడుందో నిన్న అతనికి తెలీదు...”

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె అలా ఆగిపోవడం ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ చూడలేదు.

“ఇవాళ తెలిసింది” అంది. “నేనే అడిగాను. కాఫీ కప్పు చేతిలో పెట్టుకుని, అతని ఎదురుగా కూర్చుని, కార్డు ఎక్కడుందమ్మా అని నేనే అడిగాను. అమ్మాయ్, మీ ఇంటికి ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు. ఇన్‌స్పెక్టర్, అతను ఆస్పత్రిలో ఉన్నాడేమో కనుక్కో.”

ఇన్‌స్పెక్టర్ అడ్డం చెప్పలేదు. ఫోన్ చెవికి ఆనించుకుంటూనే హాల్లోకి పరిగెత్తాడు.

ఇక్కడ రింగవుతోంది. అవుతూనే ఉంది. చివరికి ఎత్తారు.

“ఆఁ, చెప్పు. వదిలేశారా వాళ్ళు?” అత్తగారి గొంతు.

“అత్తయ్యా, ఇంటికి ఎవరైనా వచ్చారా?”

“వచ్చారుగా, నువ్వే పంపించావటగా! మీ డాక్టరుగారి అల్లుడు. ఎంత మర్యాదస్తుడో! ఈ గొడవంతా తేలిపోతుంది పెద్దమ్మా, ఆ కార్డొకటి ఇస్తే చాలు అన్నాడు. నేను బీరువా మీదా వెతికాను, గూట్లోనూ వెతికాను. నీ సామాను నువ్వు ఎక్కడ పెడతావో ఆ దేవుడికే తెలియాలి. దొరకలేదు నాయనా అన్నాను.”

“ఇప్పుడు అక్కడే ఉన్నారా?”

“లేడు, ఇప్పుడే వెళ్ళాడు. పోనీలెండి పెద్దమ్మా, ఆ కార్డు మీ కోడలే తెచ్చిస్తుంది, నాకు తెలుసు అన్నాడు.”

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి వచ్చి, ఆస్పత్రిలో లేడన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆరాలక్క అతనికి ఆగమని చెయ్యి చూపించింది.

“అత్తయ్యా, బాబేడీ?”

“అదే చెప్తున్నాను. పొద్దుట్నుంచీ నీ కోసం ఒకటే రాగం. ఈయన ఎత్తుకోగానే టక్కున ఆపేశాడు, ఏం మాయ చేశాడో! కింద అలా తిప్పుకొస్తాను, మీరు కాస్త నడుం వాల్చండి అని తీసుకెళ్ళాడు.”

తల్లి గుమ్మం వైపు పరిగెత్తబోయింది. ఆరాలక్క ఆమె చేతిలోంచి ఫోను అందుకుంది.

“పెద్దమ్మా, నేను. ఎంతసేపైంది?”

“నువ్వూ అక్కడే ఉన్నావా తల్లీ! ఇదిగో, ఇప్పుడేనమ్మా. మెట్లు దిగాడో లేదో. మళ్ళీ వెనక్కొచ్చి పాలసీసా కూడా అడిగి పట్టుకెళ్ళాడు. పిల్లల సంగతి బాగా తెలిసినవాడు.”

“సీసా ఒక్కటేనా?”

“రెండు జతల బట్టలు కూడా పెట్టమన్నాడు” అంది ఆవిడ. అని, తన నోటితో తానే అన్న ఆ మాట దగ్గర ఆగిపోయింది. “అమ్మా... కింద తిప్పడానికి బట్టలెందుకు?”